రహదారి మన ఊరికి వచ్చిందా, ఊరి మీదుగా పోయిందా?



సిరోంచ తాలూకా పటం ఒకసారి చూడండి. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు అడవి. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు అట్టడుగున ఉన్న ఈ తాలూకాలో రేగుంట ఒక ఊరు. రేగు, గుంట. పేరు వింటేనే తెలుగు ఊరని తెలిసిపోతుంది. ఇక్కడ ఇంట్లో మాట తెలుగు, కాకుంటే గోండి, మాడియా. బడిలో, కచేరీలో మాట మరాఠీ. సిరోంచ నుంచి జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్లు. అందుకే జబ్బు చేసినా, పెళ్లి బట్టలు కొనాలన్నా ఈ జనం నది దాటి మంచిర్యాలకో వరంగల్‌కో వస్తారు. రాష్ట్రాల సరిహద్దు వారిని అటు ఉంచింది, అవసరం ఇటు నడిపిస్తోంది.

ఇప్పుడు ఈ తాలూకా మీదుగా రెండు జాతీయ రహదారులు పోతున్నాయి. 63వ నంబరు దారి నిజామాబాద్, ఆర్మూర్, జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు మీదుగా వచ్చి, ప్రాణహిత దాటి సిరోంచ చేరి, ఇంద్రావతి మీదుగా భోపాలపట్నం, బీజాపూర్, జగదల్‌పూర్ వైపు సాగుతుంది. 353సి అనే మరో దారి గోండియా జిల్లాలో మొదలై గడ్చిరోలి, ఆష్టి, ఆలపల్లి మీదుగా సిరోంచకు దిగి, గోదావరి దాటి కాళేశ్వరం, భూపాలపల్లి, పరకాల వైపు పోతుంది. గోదావరి మీద వంతెన 2016 చివర్లో తెరుచుకుంది. అంతకుముందు పడవే దిక్కు. ఏరు పొంగితే పడవ కూడా లేదు.

ఆర్మూర్ దగ్గర ఈ 63వ నంబరు దారి దేశంలోకెల్లా పొడవైన రహదారిని కలుస్తుంది. అది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే 44వ నంబరు. మన పెద్దలు నేటికీ ఏడో నంబరు రోడ్డు అనే పిలుస్తారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 44లో కలిసింది. ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, హైదరాబాద్, జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం అన్నీ ఆ తాటికి గుచ్చిన పూసలే. ఇది చాలదన్నట్టు నాగపూర్ నుంచి విజయవాడకు మరో కొత్త మార్గం వస్తోంది. అందులో మంచిర్యాల–వరంగల్ మధ్య 108 కిలోమీటర్లకు 2023 జులైలోనూ, వరంగల్–ఖమ్మం మధ్య మరో 108 కిలోమీటర్లకు, ఖమ్మం–విజయవాడ మధ్య 90 కిలోమీటర్లకు అదే ఏడాది అక్టోబరులోనూ ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇది పాత రోడ్డును వెడల్పు చేయడం కాదు. చాలా మేరకు పొలాల మీద కొత్తగా గీసిన గీత.

ఉత్తరాన్ని దక్షిణంతో కలుపుతున్నామని అందరూ సంతోషంగా చెబుతున్నారు. మంచిదే. మేము అడగదలచిన ప్రశ్న ఒక్కటే. రెండు కొసలనూ కలిపే దారి, మధ్యలో ఉన్నవాడిని దేనితో కలుపుతుంది?

మేము రోడ్డుకు వ్యతిరేకులం కాము. పురిటి నొప్పులు పడుతున్న తల్లిని మంచం మీద మోసుకొచ్చిన ఊళ్లకు రోడ్డు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అడవిలో రోడ్డు పనికి వచ్చిన యంత్రాలను తగలబెట్టినవారు ఆ తల్లికి మేలు చేయలేదు. గడ్చిరోలిలో ఎన్నో ఏళ్లు రోడ్డు అడిగినవాడిని ఒకరు అనుమానించారు, రోడ్డు వల్ల నష్టమన్నవాడిని మరొకరు అనుమానించారు. ఊరివాడి మాట ఊరివాడి మాటగా విన్నవారు తక్కువ. రోడ్డు కావాలా వద్దా అన్న వాదన వదిలేద్దాం. అది ఎవరిని చూసి వేస్తున్నారు అన్నది అసలు సంగతి.

ఈ నేలకు ఇది కొత్త కథ కాదు. 1860లో నిజాము నుంచి ఈ తాలూకాలు బ్రిటిషువారి చేతికి వచ్చాక, సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమయింది. గోదావరి, ప్రాణహితల మీదుగా పడవలు నడిపి నాగపూరు, బేరారు పత్తిని సముద్రానికి దించాలన్నది సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకం. నదిలో మూడు చోట్ల బండరాళ్ల అడ్డు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టారు, కాలువ తవ్వారు. ఖర్చు పెరిగింది, పత్తికి రైలు దొరికింది. 1870ల మొదట్లో పని ఆపేశారు. 1874లో ఆ జిల్లాయే లేకుండా పోయింది, సిరోంచ చాందా జిల్లాకు ఒక మూల అయింది. పత్తి కోసం వచ్చిన దారి, పత్తి వేరే దారి పట్టగానే ఈ జనాన్ని మరిచిపోయింది. నిలిచినది వేరొకటి. ఆ పనికి వచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య మొదలైన పరిచర్య, పడవల పథకం పోయిన తరువాత కూడా సాగింది. సరుకు కోసం వచ్చినవారు సరుకుతో పాటే పోతారు. మనిషి కోసం వచ్చినవారు ఉండిపోతారు.

నేటి సరుకు ఇనుము. ఎటపల్లి తాలూకాలోని సూర్జాగఢ్ కొండల నుంచి 2021 తరువాత పెద్ద ఎత్తున ఖనిజం తవ్వుతున్నారు. ఆలపల్లి, ఆష్టి దారిలో లారీల బారులు, గుంతలు, దుమ్ము, ప్రమాదాలు ఆ ప్రాంతపు వార్తాపత్రికల్లో మామూలైపోయాయి. టన్నుల కొద్దీ బరువు మోసే దారి మీదనే పిల్లలు బడికి సైకిలు తొక్కాలి.

ఇక 44వ నంబరు వైపు రండి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, హైదరాబాదుకు దక్షిణాన, పెద్దకుంట తండా అనే లంబాడీల ఊరు ఉంది. అక్కడ బైపాస్ వేసినప్పుడు తండా ఒక వైపు, రేషనూ పింఛనూ పనులూ మరో వైపు పడ్డాయి. రోడ్డు దాటబోయి మగవాళ్లు ఒకరి వెనుక ఒకరు చనిపోయారు. ముప్పైమందికి పైగా పోయారని పత్రికలు రాశాయి. దేశవిదేశాల విలేఖరులు వచ్చి దానికి వితంతువుల ఊరని పేరు పెట్టి వెళ్లారు. ఆ రోడ్డు గీసిన కాగితం మీద తండా ఉంది, వాహనాల లెక్క ఉంది. తండా మనిషి రోజుకు ఎన్నిసార్లు ఆ గీత దాటాలి అన్న లెక్క మాత్రం లేదు. ఒక్క కింది దారి, ఒక్క పాదచారుల వంతెన ముందే అడిగి వేసి ఉంటే ఎన్ని ఇళ్లలో దీపం ఉండేదో ఆలోచించండి.

ఇది ఒక్క తండా గొడవ కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదే పోయారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు రెండు శాతమే. చనిపోయినవారిలో 32,825 మంది కాలినడకన వెళుతున్నవారు. కారులో పోయేవాడి వేగానికి కాలినడక మనిషి వెల కడుతున్నాడు.

2020 ఏప్రిల్ మనకు గుర్తుండాలి. లాక్‌డౌన్‌లో పని ఆగిపోయాక, ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు కూలీలు నడిచి బయలుదేరారు. వారిలో పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక ఉంది. మూడు రోజులు నడిచి, ఇంటికి ఇంకాస్త దూరముందనగా ప్రాణం విడిచింది. పెద్ద రోడ్డు మీద పోలీసులు ఆపుతారన్న భయంతో వారు అడవి దారి పట్టారు. మిరపకాయ ఆ రోడ్డు మీద లారీలో పోయింది. కాయ కోసిన పిల్లకు ఆ రోడ్డు లేదు.

అసలు రాబోయే మార్గాల తీరే వేరు. మహారాష్ట్రలోనే నాగపూర్–ముంబయి మధ్య 701 కిలోమీటర్ల సమృద్ధి మహామార్గం ఉంది. దాని మీదికి మోటారుసైకిలుకు, ఆటోకు, ట్రాక్టరుకు ప్రవేశం లేదు. రెండు పక్కలా కంచె. ఎక్కడానికి, దిగడానికి నిర్ణయించిన చోట్లు మాత్రమే. భద్రత కోసమే ఈ నియమం, కాదనం. అయితే తన పొలం ఇచ్చిన రైతు ఆ దారి మీద బండి నడపలేడు. గేదెలను అవతలి గట్టుకు తోలాలంటే కిలోమీటర్లు చుట్టి రావాలి. ఇలాంటి దారి కోసం భూమి అడిగినప్పుడు పక్కదారి, కింది దారి అనేవి దయతో వేసే భిక్ష కావు. అవి ఆ భూమి వెలలో భాగం.

లేఖనం ఈ విషయంలో మనం అనుకున్నదానికన్నా సూటిగా మాట్లాడుతుంది. ఇశ్రాయేలీయులు కాదేషు నుంచి ఎదోము రాజుకు దూతలను పంపిన సంగతి చదవండి (సంఖ్యాకాండము 20). వారు అడిగింది రాజమార్గం మీద నడిచి పోనిమ్మని. దానికి వారు పెట్టుకున్న షరతులు చూడండి. పొలాల్లో, ద్రాక్షతోటల్లో అడుగు పెట్టము. మీ బావుల నీళ్లు ఊరికే తాగము. మేము గానీ మా పశువులు గానీ తాగితే వెల చెల్లిస్తాము. అంత మాటిచ్చినా ఎదోము ఒప్పుకోలేదు, వారు చుట్టుదారిన పోయారు. మన ప్రసంగాల్లో ఎక్కువగా ఎదోము కాఠిన్యం గురించే వింటాం. దారి అడిగినవారి మర్యాద గురించి తక్కువ వింటాం. దాటిపోయేవాడికి ఆ ఊరి పంట మీద, ఆ ఊరి నీటి మీద హక్కు లేదు. వాడుకుంటే వెల కట్టాలి. కాదన్నప్పుడు ఆగాలి. రాజమార్గానికి ఇదీ నీతి.

రోడ్డు వేయమని ధర్మశాస్త్రం ఆజ్ఞ ఇచ్చిన చోటు కూడా ఉంది. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో ఆశ్రయపురాలను ఏర్పాటు చేయమని, వాటికి దారి సిద్ధపరచమని ఉంది. ఆ దారి వర్తకుడి కోసం కాదు, సైన్యం కోసం కాదు. పొరపాటున చేతిలో ప్రాణం పోయి, వెంట తరుముతున్నవారి నుంచి పారిపోతున్న మనిషి కోసం. దారి దూరమైతే అతడు దొరికిపోతాడు, నిరపరాధి రక్తం దేశం మీద పడుతుంది. అంటే రోడ్డు దూరం లెక్క కట్టాల్సింది అందరికన్నా అపాయంలో ఉన్నవాడి కాళ్లతో. ఆ కొలబద్ద తీసుకుని సిరోంచ తాలూకాకు రండి. హైదరాబాద్ లారీ నాగపూర్‌కు ఎన్ని గంటల్లో చేరుతుంది అన్నది ఒక లెక్క. రేగుంటలో అర్ధరాత్రి పాము కరిచిన మనిషి మందు ఉన్న ఆసుపత్రికి ఎన్ని గంటల్లో చేరతాడు అన్నది మరో లెక్క. రెండో లెక్క తగ్గకుండా మొదటిది ఎంత తగ్గినా దేవుని ఎదుట ఆ రోడ్డు పూర్తి కాలేదు.

మరి భూమి సంగతి? జాతీయ రహదారుల చట్టం 1956 నాటిది. దాని కింద భూమి తీసుకుంటామని ప్రకటన వచ్చిన తరువాత అభ్యంతరం చెప్పడానికి గడువు 21 రోజులు. ప్రకటన సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. సిరోంచలో ప్రాంతీయ భాష అంటే మరాఠీ. ఇంట్లో తెలుగు, గోండి మాట్లాడే ముసలాయన తన సర్వే నంబరు ఆ పత్రికలో వచ్చిందని ఎలా తెలుసుకుంటాడు? ఆయనకు ఎవరో చెప్పేసరికి 21 రోజులు అయిపోతాయి.

2013 నాటి భూసేకరణ చట్టం పరిహారాన్ని పెంచింది. మొదట రహదారుల చట్టాన్ని దాని నుంచి పక్కన పెట్టారు. 2015 ఆగస్టు 28న వచ్చిన ఉత్తర్వుతో ఆ పరిహారం, పునరావాసం నియమాలు రహదారులకు కూడా వర్తించాయి. 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ కేసులో, రహదారికి భూమి పోయిన వారికి కూడా సొలేషియం, వడ్డీ ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. అమ్మకాలపై ఆంక్షలున్న ఏజెన్సీ భూమికి రిజిస్ట్రేషన్ ధర దొరకదు గనుక, పక్క ప్రాంతాల్లోని అలాంటి భూమి ధరను చూసి కనీస ధర నిర్ణయించాలని కూడా 2013 చట్టంలో ఉంది.

మన సంఘాలవారు తప్పక తెలుసుకోవలసిన మాట మరొకటి ఉంది. మన విశ్వాసుల్లో చాలామందికి సొంత పట్టా లేదు. కౌలుకు చేస్తారు, కూలికి పోతారు. రోడ్డు కింద పొలం పోతే పట్టాదారుకు చెక్కు వస్తుంది, కూలివాడికి పని పోతుంది. అయితే 2013 చట్టం దృష్టిలో మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కౌలుదారు, వ్యవసాయ కూలీ, చేతివృత్తివాడు కూడా బాధిత కుటుంబమే. అలాంటి కుటుంబానికి ఉద్యోగం గానీ, ఒకేసారి 5 లక్షల రూపాయలు గానీ, 20 ఏళ్ల పాటు నెలకు 2,000 రూపాయలకు తగ్గని భృతి గానీ ఇవ్వాలని చట్టం రెండో షెడ్యూలు చెబుతోంది. కాగితం మీద ఉన్న ఈ హక్కు తనంత తానే నడిచి మాలపల్లెకో మాదిగపల్లెకో రాదు. జాబితాలో పేరు లేనివాడు లేనట్టే.

అడవి సంగతి ఇంకా సున్నితం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అడవి భూమిని వేరే పనికి మళ్లించాలంటే గ్రామసభ సమ్మతి కావాలన్న నియమం నుంచి రోడ్లు, కాలువలు, కరెంటు లైన్ల వంటి వాటిని 2013 ఫిబ్రవరి 5న కేంద్ర పర్యావరణ శాఖ సడలించింది. ఆదిమ తెగల హక్కులకు భంగం కలిగే చోట మాత్రం ఆ సడలింపు లేదు. గడ్చిరోలి మాడియా గోండులు అలాంటి తెగగా గుర్తింపు పొందినవారే. గ్రామసభకు బలం ఉంటుందా అని సందేహించేవారు ఇదే జిల్లాలోని మెండా లేఖా చూడండి. 2009లో తమ అడవి మీద సామూహిక హక్కు సంపాదించి దేశానికి దారి చూపిన ఊరు అది.

యువతీ యువకులారా, మీకు ఒక మాట. మీలో చాలామందికి మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చు. చేతిలో ఫోనుంది. సర్వే నంబరు చూసి చెప్పడం, అభ్యంతరం కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోవడం, కౌలుదారుల, కూలీల పేర్లు ఇంటింటికీ తిరిగి రాయడం మీరు చేయగలరు. ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడో తెలుసుకుని ఊరి పెద్దలను వెంటబెట్టుకు వెళ్లి, కింది దారి ఎక్కడ కావాలో, బస్సు ఎక్కడ ఆగాలో, లోపలి ఊరికి పక్కా రోడ్డు ఎప్పుడు వేస్తారో అడగగలరు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట ఇందుకు కేటాయించిన సంఘం దేవుని సేవ మానినట్టు కాదు. పొలిమేర రాయిని జరిపినవాడి మీద శాపం పలికిన దేవుడు, ఆ రాయిని కాపాడే చేతులను చూడకుండా ఉంటాడా?

నదికి ఇవతల, పట్టణాల్లో ఉన్న మనకు కూడా పని ఉంది. ఈ రోడ్ల మీద ఎక్కువగా తిరిగేది మనమే. యెరికో దారిలో యాజకుడూ లేవీయుడూ వేగంగానే పోయారు. ఆగినవాడు సమరయుడు. మన దేశంలో రోడ్డు ప్రమాద బాధితుడికి సాయం చేసినవారిని కాపాడే నియమానికి ఆ సమరయుడి పేరే పెట్టారు. 2016లో సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ నియమం చేరింది. ఆసుపత్రికి చేర్చినవారిని పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతపెట్టకూడదు. భయపడి దాటిపోవడానికి ఇక సాకు లేదు. ఈ సంగతి మీ సంఘంలోని ప్రతి డ్రైవరుకూ, బండి నడిపే ప్రతి కుర్రాడికీ చెప్పండి.

దారి అడిగినవారు మాటిచ్చిన వెల రైతుకు, కూలీకి, కౌలుదారుకు, అడవి బిడ్డకు చేరిందో లేదో అడగడం మన సాక్ష్యంలో భాగం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా లారీ ఎక్కడా ఆగకుండా పోవచ్చు. ఆ మధ్యలో ఎక్కడో రోడ్డు పక్కన పిల్లను ఎత్తుకుని నిలబడిన తల్లి ఉంటుంది. ఆమె నిశ్చింతగా దాటగలిగిన రోజున, ఆమె కోసం కూడా ఒక బస్సు ఆగిన రోజున, ఆ రహదారి మన ఊరికి వచ్చిందని చెప్పుకుందాం. అప్పటిదాకా అడుగుతూనే ఉందాం.